ఏలికల వాటా ఎంత?

2024 మే 13న ఒడిశాలోని పర్లాకిమిడి, దాని పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం ఒకే రోజు ఓటు వేశాయి. జూన్ 12న భువనేశ్వర్‌లో మోహన్ చరణ్ మాఝీ, గన్నవరం దగ్గర చంద్రబాబు నాయుడు ఒకే రోజు ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేశారు. అంతవరకు ధరలు మండిపోతున్నాయని రెండు వైపులా గొంతెత్తిన పార్టీలవారికి ఆ తరువాత సంతలో అంతా సవ్యంగానే కనిపించసాగింది. నిన్నటిదాకా సుభిక్షమన్నవారికి హఠాత్తుగా వంకాయల ధర గుర్తుకు వచ్చింది. రెండు ఊళ్ల నడుమ పారే మహేంద్రతనయ నదికి ఇరుపక్కలా వానా అదే, బేరమూ అదే.

సరిహద్దులో రెండు ప్రభుత్వాల నడుమ బతికే మనకు ధరల్లో, రాబడిలో ఏలికల వాటాను కొలిచే వీలు ఇతరులకన్నా ఎక్కువ. నదికి రెండు వైపులా తేడాగా ఉన్నది చాలావరకు రాష్ట్ర నాయకుల నిర్ణయం. ఒకేలా ఉన్నది వారి చేతిలో లేనిది. పెట్రోలునే తీసుకుందాం. ఆంధ్రలో 31 శాతం వ్యాట్‌కు (రాష్ట్రం వేసే అమ్మకపు పన్నుకు) తోడు లీటరుకు 4 రూపాయల అదనపు పన్ను, రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. ఒడిశాలో వ్యాట్ 28 శాతం. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజు సుంకం తగ్గించినప్పుడు ఒడిశా తన వంతుగా మరో 3 రూపాయలు వదులుకుంది, ఆంధ్ర వదులుకోలేదు. ఆంధ్రలోని ఇచ్ఛాపురం బళ్లు సరిహద్దులోని గిరిసోల దాటి ఒడిశాకు వచ్చి ట్యాంకు నింపుకోవడానికి కారణం ఇదే. 2024-25 ఖరీఫ్‌లో క్వింటాలు వరి ధాన్యానికి 2,300 రూపాయల మద్దతు ధరపై ఒడిశా కలిపిన 800 రూపాయలూ అటువంటివే.

నూనె సంగతి వేరు. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మొత్తం దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. దసరా ముందు నూనె ధర పెరిగితే తిట్లు మాత్రం కొత్త ముఖ్యమంత్రులకూ కిరాణా కొట్టువారికీ పడ్డాయి. ఒడిశాలోని గంజాం జిల్లా పల్లెలకు సూరత్ మరమగ్గాల నుంచి వచ్చే కూలి డబ్బు ఏ ముఖ్యమంత్రి అదుపులోనూ లేదన్నది చెప్పనక్కర లేదు.

ఆర్థిక వ్యవస్థను నడపడంలో నాయకుల శక్తి వారు చెప్పుకొనేంత లేదు గానీ, అది మనకు ఎప్పుడు, ఎలా కనిపించాలో నిర్ణయించడంలో మనం అనుకొనేదానికన్నా ఎక్కువే ఉందని మా అభిప్రాయం. పెట్రోలు, డీజిల్ ధరలను రోజువారీగా మార్చే పద్ధతి 2017 జూన్ నుంచి ఉంది. అయినా 2021 నవంబరు 4 నుంచి 137 రోజులు, ముడి చమురు వంద డాలర్లు దాటినా, ఆ ధర కదలలేదు; ఉత్తరప్రదేశ్ ఎన్నికల ఫలితాలు వెలువడిన పన్నెండో రోజున, మార్చి 22న కదిలింది. చమురు కంపెనీల నిర్ణయమేనన్నారు, నమ్మేవారు నమ్మారు. 2017-18 నిరుద్యోగ సర్వే ఇంతకన్నా తీవ్రమైన ఉదాహరణ. నివేదిక విడుదల కాకపోవడంపై 2019 జనవరిలో జాతీయ గణాంక సంఘం తాత్కాలిక అధ్యక్షుడు పి.సి.మోహనన్ మరో సభ్యురాలితో కలిసి రాజీనామా చేశారు. 6.1 శాతం నిరుద్యోగమని అధికారికంగా వెల్లడైనది మే 31న, లోక్‌సభ ఎన్నికల తరువాత కేంద్రంలో కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన మరునాడు. అంకెను మార్చనక్కర లేదు, ఓటు పడేవరకు అట్టే పెడితే చాలు.

జనాభిప్రాయాన్ని కొలిచే పట్టణ సర్వే అయినా మనదాకా రాదు. వినియోగదారుల విశ్వాసంపై రిజర్వు బ్యాంకు జరిపే పట్టణ సర్వేలో ఒడిశా నుంచి భువనేశ్వర్ ఒక్కటే ఉంది. బరంపురం, రాయగడ, గుణుపురం వర్తకుల మాట అందులో వినిపించదు. ఆ ఖాళీని ప్రచార సభలు నింపుతున్నాయి.

పంచాయతీ ఎన్నికల వేళ మళ్లీ రెండు వైపుల నుంచీ నాయకులు వస్తారు. దేశం ఎన్నో స్థానానికి ఎదిగిందన్న ప్రసంగాన్ని కాసేపు ఆపించి, ఆంధ్ర నాయకులను వ్యాట్ గురించి అడగాలి. ఒడిశా నాయకులనైతే ఆ 800 రూపాయల్లో ధాన్యం కొనే మండీలో కట్నీ-ఛట్నీ పేరిట తూకంలో తరుగు తీసేశాక రైతు ఖాతాలో మిగులుతున్నదెంతో, ధాన్యం అమ్ముకోవడానికి ఇచ్చే టోకెన్ గడువు దాటిపోయినవారికి దక్కుతున్నదేమిటో అడగాలి.