లెక్క రాయకుండా తగ్గిందని ఎట్లా చెప్తాం?

నల్లగొండలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పోయిన వారం నైట్ డ్యూటీలో దేవరకొండ దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ "బిడ్డా, చెయ్యి మండుతుంది" అంది. చూస్తే క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) చుట్టూ ఎర్రగా కమిలి, నరం తాడులా గట్టిపడింది. ప్లాస్టర్ మీద తేదీ లేదు. ఎప్పుడు వేశారో ఎవరికీ తెలియదు.

గోడ మీద మాత్రం పోస్టర్ ఉంది. క్యాన్యులాకు 0 నుంచి 5 దాకా విఐపి స్కోర్ వేయాలి, అంటే నరం ఎంత వాచిందో కంటితో చూసి వేసే మార్కు. నొప్పి, ఎరుపు, వాపుల్లో రెండు కనిపిస్తే స్కోర్ 2, అప్పుడు తీసేసి వేరేచోట వేయాలి. మంచి పద్ధతే. కానీ ఆ పోస్టర్ అంటించకముందు మా వార్డులో ఎంతమందికి నరం వాచేదో ఎవరూ రాసి పెట్టలేదు. ఇప్పుడు తగ్గిందా అని అడిగితే ఏం చెప్పాలి?

రాసినా ఉత్త అంకె సరిపోదు. ఒక నెల 80 క్యాన్యులాల్లో 8 వాచాయనుకోండి, మరుసటి నెల 200లో 10. పైకి పెరిగినట్టుంది, నిజానికి నూటికి 10 నుంచి 5కు తగ్గింది. మొత్తం ఎన్ని వేశామో రాయకపోతే కష్టపడ్డ సిస్టర్లకే చెడ్డపేరు. స్కోర్ రాసే చార్టు నిండిందా అని చూసి ఊరుకోవద్దు, పేషెంటు చెయ్యి కూడా చూడాలి. చార్టులన్నీ నిండినా చేతులు వాస్తూనే ఉంటే, టేబుల్ దగ్గరే టిక్కులు పడుతున్నాయేమో, లేదా ఆ పద్ధతి మన వార్డులో పనిచేయట్లేదేమో.

నాకు కోపం వచ్చేది ఇంకో విషయంలో. ఇంతకుముందు చేసినచోట ఒక సిస్టర్ ఉన్నది ఉన్నట్టు మూడు కేసులు రాసింది. మెమో ఇచ్చారు. తర్వాతి నెల నుంచి రిజిస్టర్‌లో అన్నీ సున్నాలే. ఆ సున్నాలకు మీటింగులో చప్పట్లు! డ్యూటీ రూంలో ఆమె ఏడ్చిన ఏడుపు నేనింకా మర్చిపోలేదు.

మే 12, నర్సుల దినోత్సవం రాగానే ఆధునిక నర్సింగ్‌కు దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ఫోటో ముందు దీపాలు వెలిగిస్తాం. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువ చనిపోయారని లెక్కగట్టి, 1858లో రేఖాచిత్రాలు గీసి చూపించింది ఆవిడే. గణాంక నిపుణుల సంఘమైన లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో మొదటి మహిళా సభ్యురాలు కూడా. నేను చదువుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

సూపరింటెండెంట్ సార్లూ, మేడంలూ, కొత్త పద్ధతి పెట్టే ముందు రెండు వారాలు ఉన్న పరిస్థితి రాయనివ్వండి. మొదట ఒక్క వార్డులోనే చేసి చూడండి. రాసినవాళ్లకు మెమోలు ఇవ్వకండి. రాత్రిపూట వార్డంతా ఒక్క సిస్టరే చూసుకుంటుంది, కొత్త చార్టు చేతికిచ్చేటప్పుడు పాతది ఒకటి తీసేయండి.