2010 సీజన్ ర్యాంకులపై ఏకసభ్య కమిషన్ తుది నివేదిక

అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2010 సీజన్ ముగిసి ఏళ్ళు గడిచినా, ఏ జట్టుది ఎన్నో ర్యాంకో ఇప్పటికీ తేలలేదు. తేలిపోయిందిగా, గ్రీన్ బే ప్యాకర్స్ కప్పు ఎత్తిన ఫొటో ఉందిగా అంటారు కొందరు. కప్పు వేరు, ర్యాంకు వేరు. తెలుగిళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఈ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. అందుకని ఆ ఆట నడిపే లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ అడక్కపోయినా, అసలెవరూ అడక్కపోయినా, ఈ వ్యవహారం తేల్చడానికి ఒక ఏకసభ్య కమిషన్ వేయడమైనది. వేసింది నేనే, ఆ ఏక సభ్యుణ్ణీ నేనే, గడువు పొడిగించమని రాసుకున్నదీ, పొడిగించిందీ నేనే. న్యూజెర్సీలో మా ఇంటి బేస్‌మెంట్‌లో, ట్రెడ్‌మిల్ మీద ఆరేసిన బట్టల పక్కన సమావేశాలు జరిగాయి. ఒక్కసారి కూడా కోరం సమస్య రాలేదు.

కమిషన్ పరిధి రెగ్యులర్ సీజన్ వరకే, అంటే ప్లేఆఫ్స్ అనే నాకౌట్ పోటీలకి ముందు జరిగే ఆటల వరకే. 32 జట్లు, ఒక్కోదానికి 16 ఆటలు. (ఇప్పుడు 17 చేశారు. దాని సంగతి వేరే కమిషన్ చూసుకుంటుంది.)

మొదట అందరూ చెప్పే కొలమానమే పట్టుకున్నాను. ఎవరెన్ని గెలిచారు? 14 గెలిచి 2 ఓడిన న్యూ ఇంగ్లండ్ ప్యాట్రియట్స్‌ది మొదటి ర్యాంకు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరే ఆటగాడు, టామ్ బ్రేడీ ఆ ఏడు 36 టచ్‌డౌన్ (బంతిని అవతలి గోల్ గీత దాటించే) పాసులు విసిరాడు, అవతలివాళ్ళ చేతిలో పెట్టినవి నాలుగే. ఉత్తమ ఆటగాడి ఎన్నికలో 50 ఓట్లకి 50 ఓట్లూ ఆయనకే పడ్డాయి. మన దగ్గర ఏ బూత్‌లోనైనా ఇలా పడితే రీపోలింగ్ పెడతారు. సరే, ఫైలు మూసేద్దాం అనుకుంటుండగా నవంబర్ 7 నాటి కాగితం ఒకటి జారి కింద పడింది. ఆ రోజు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఇదే ప్యాట్రియట్స్‌ని 34-14తో చితక్కొట్టారు. బ్రౌన్స్ అంటే ఎవరనుకున్నారు, ఆ సీజన్ మొత్తానికి 5 గెలిచి 11 ఓడినవాళ్ళు. దానికి ముందు ఆటలో డిఫెండింగ్ ఛాంపియన్లు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్‌ని కూడా వాళ్ళ ఊరికే వెళ్ళి 30-17తో ఓడించి వచ్చారు. పెద్దవాళ్ళని కొట్టి మిగతావాళ్ళందరి చేతా తన్నులు తినే ఈ అలవాటుకి ఏ ర్యాంకివ్వాలో తెలియక కమిషన్ టీ తాగడానికి లేచింది.

రెండో కొలమానం గజాలు. ఈ ఆటలో బంతిని ఎన్ని గజాలు ముందుకి తీసుకెళ్ళారు, అవతలివాణ్ణి ఎన్ని గజాలకి ఆపారు అన్నదే లెక్క. హైదరాబాద్ శివార్లలో ప్లాటు కొన్న ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. శాన్ డియేగో చార్జర్స్ ఆ ఏడు లీగులో అందరికన్నా ఎక్కువ గజాలు సంపాదించారు. అందరికన్నా తక్కువ గజాలు వదులుకున్నదీ వాళ్ళే. దాడిలో నంబర్ వన్, రక్షణలో నంబర్ వన్. గజాల లెక్కన ఆ ఏడు అంత ఆస్తిపరులు లేరు. తీరా చూస్తే 9 గెలిచి 7 ఓడి, ప్లేఆఫ్స్ ఇంట్లో కూర్చుని టీవీలో చూశారు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని.

ఆ శని ఎక్కడుందో కమిషన్ కనిపెట్టింది. నోట్లో కాదు, కాళ్ళలో. బంతిని తన్నాల్సి వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి జరిగేది. మొదటి ఆటలోనే కేన్సస్ సిటీ కుర్రాడు డెక్స్టర్ మెక్‌క్లస్టర్ వీళ్ళు తన్నిన పంట్ (బంతిని అవతలివాళ్ళకి వదిలేస్తూ దూరంగా తన్నడం) పట్టుకుని 94 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మూడో ఆటలో సీటెల్‌కి చెందిన లియాన్ వాషింగ్టన్ ఒకసారి 101 గజాలు, ఇంకోసారి 99 గజాలు. ఆఖరికి ఓక్లండ్ వెళ్తే మొదటి రెండు పంట్లూ కాలు దాటకముందే అడ్డుకున్నారు. ఒకదానికి రెండు పాయింట్లు పోయాయి, రెండోదానికి ఏకంగా టచ్‌డౌన్. ఎకరాలకి ఎకరాలు కొని గేటు పెట్టడం మర్చిపోయిన ఆసామిలా అయింది చార్జర్స్ పని. ఇప్పుడు ఆ ఊళ్ళో ఆ జట్టు కూడా లేదు, 2017లో లాస్ ఏంజిలిస్ వెళ్ళిపోయింది.

మూడోది లోకల్ కోటా. లీగులో నాలుగేసి జట్ల డివిజన్లు 8 ఉంటాయి. డివిజన్‌లో మొదట వచ్చినవాళ్ళకి ప్లేఆఫ్స్‌లో సీటు గ్యారంటీ, పైగా మొదటి ఆట సొంతూళ్ళో. 2010లో పశ్చిమాన ఒక డివిజన్‌లో నాలుగు జట్లు కలిసికట్టుగా ఎంత ఘోరంగా ఆడాయంటే, 7 గెలిచి 9 ఓడిన సీటెల్ సీహాక్స్‌కి ఆ సీటు దక్కింది. పూర్తి సీజన్ ఆడి, గెలిచినవాటికన్నా ఎక్కువ ఓడి, డివిజన్ గెలిచిన మొదటి జట్టు అదే. ఓడిన తొమ్మిదీ 15 పాయింట్లు, అంతకన్నా ఎక్కువ తేడాతోనే ఓడారు. ఓడిపోవడంలో అంత నిలకడ కమిషన్ ఎక్కడా చూడలేదు. పదేసి ఆటలు గెలిచిన జెయింట్స్‌కీ, బక్కనీర్స్‌కీ మాత్రం సీటు లేదు, నాన్‌లోకల్. పోనీ లోకల్‌గా బాగా ఆడితే సరిపోతుందా అంటే, ఓక్లండ్ రైడర్స్ తమ డివిజన్‌లో ఆడిన ఆరుకి ఆరూ గెలిచారు. మొత్తం మీద 8 గెలుపులు, 8 ఓటములు, మూడో స్థానం, ఇంటికి దారి.

ఆ తర్వాత జనవరిలో సీటెల్‌లో జరిగింది మా పరిధిలోకి రాదు. కాబట్టి అక్కడికొచ్చిన సెయింట్స్ 41-36తో ఓడారని గానీ, మార్షాన్ లించ్ మీద పడ్డవాళ్ళందర్నీ విదిలించుకుంటూ 67 గజాలు పరిగెత్తాడని గానీ, జనం గంతులకి స్టేడియం దగ్గరున్న భూకంపాల యంత్రంలో గీత కదిలిందని గానీ ఈ నివేదికలో రాయడం లేదు.

ఇక్కడ కమిషన్ ఒక విషయం ముందే ప్రకటించాలి. నేను జెయింట్స్ మనిషిని. పేరు న్యూయార్క్‌ది, స్టేడియం, ట్రాఫిక్కు మా న్యూజెర్సీవి. డిసెంబర్ 19న ఫిలడెల్ఫియా ఈగల్స్ మీద 31-10తో ముందున్నాం, ఎనిమిది నిమిషాలు కూడా లేవు. పైనుంచి మా ఆవిడ "వడ్డించేస్తున్నా" అంది. "అయిపోయింది, వచ్చేస్తున్నా" అన్నాను. జీవితంలో అంత తొందరపడి మరే మాటా అనలేదు. మూడు టచ్‌డౌన్లు కొట్టి వాళ్ళు 31-31 చేశారు. ఇంక 14 సెకన్లు. మా కోచ్ టామ్ కాఫ్లిన్ ఆ ఏడే చేరిన పంటర్ మ్యాట్ డాజ్‌కి ఒకటే మాట చెప్పాడు, బంతిని గీత బయటికి తన్నమని. బంతి కాస్త ఎత్తుగా వచ్చింది, కుర్రాడు కంగారుపడ్డాడు, తిన్నగా తన్నాడు. ఎవరికి? లీగులో చిరుతలా పరిగెత్తే డిషాన్ జాక్సన్‌కి. అతను పట్టబోయి జారవిడిచాడు. మేం బతికిపోయాం అనుకునేలోపు మళ్ళీ తీసుకుని 65 గజాలు పరిగెత్తాడు. గోల్ గీత దగ్గరికొచ్చాక వెంటనే దాటలేదు, ఉన్న కాసేపు సమయం కూడా కరిగిపోవాలని గీత వెంబడే అడ్డంగా షికారు చేసి, అప్పుడు దాటాడు. కాఫ్లిన్ చేతిలో కాగితం విసిరికొట్టి మైదానంలోకి వచ్చాడు. పప్పు మాడిందని వంటవాణ్ణి భోజనాల బంతి మధ్యలో నిలబెట్టి అడిగే పెళ్ళికూతురి తండ్రిలా ఆ పిల్లాణ్ణి అందరి ముందూ కడిగేశాడు. నేను పైకి వెళ్ళేసరికి సాంబారు మీద తెట్టు కట్టింది. ఆ ఒక్కటి గెలిస్తే మాకు సీటొచ్చేది. అయినా ఈ సంఘటన ప్రభావం నివేదిక మీద పడకుండా జాగ్రత్తపడ్డాను, ఈగల్స్‌కి ఏ ర్యాంకూ ఇవ్వలేదు.

మయామీ డాల్ఫిన్స్‌కి కూడా ఇవ్వలేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటాం కదా. వీళ్ళు బయట 6 గెలిచి 2 ఓడారు, సొంత మైదానంలో 1 గెలిచి 7 ఓడారు. సామెత తిరగేసినవాళ్ళని ఎక్కడ పెట్టాలి?

ఇక తర్కాన్నే నమ్ముకున్నాను. కొట్టినవాడు పైన, కొట్టించుకున్నవాడు కింద. దీన్ని ఎవరూ కాదనలేరు. ప్యాకర్స్ సెప్టెంబర్ 27న షికాగో బేర్స్ చేతిలో 20-17తో ఓడారు. ఆ బేర్స్ అక్టోబర్‌లో సీటెల్ చేతిలో 23-20తో. ఆ సీటెల్ డిసెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ చేతిలో 40-21తో. ఆ ఫార్టీనైనర్స్ కారొలైనా ప్యాంథర్స్ చేతిలో 23-20తో. ప్యాంథర్స్ ఆ సీజన్‌లో గెలిచినవి రెండు, ఓడినవి 14. లెక్క రెండుసార్లు సరిచూశాను. మొదటి ర్యాంకు కారొలైనా, కప్పు కొట్టిన ప్యాకర్స్‌ది అయిదు. అదే డిసెంబర్‌లో సీటెల్ కారొలైనాని 31-14తో ఓడించింది కదా అని అడిగేవాళ్ళుంటారు. ఆ వినతిపత్రం గడువు దాటాక అందింది.

లీగు కూడా దీన్ని పరోక్షంగా ఒప్పుకుంది. 2011 ఏప్రిల్‌లో కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు కారొలైనానే పిలిచారు. అక్కడ రూలే అంత, ఆఖర్న వచ్చినవాళ్ళు ముందు కోరుకోవాలి. వాళ్ళు క్యామ్ న్యూటన్‌ని కోరుకున్నారు. 2015లో అదే జట్టు 15 గెలిచి ఒక్కటే ఓడింది.

నివేదిక ముగించాక తెనాలిలో ఉన్న మా నాన్నకి ఫోన్‌లో చదివి వినిపించాను. ఆయన బ్రేడీ దగ్గర ఊఁ కొట్టలేదు, భూకంపం దగ్గరా కొట్టలేదు. డ్రాఫ్ట్ దగ్గర ఆపారు.

"ఆఖరి ర్యాంకోడికి కౌన్సెలింగ్‌లో ఫస్టు పిలుపా? డొనేషన్ ఎంత కట్టార్రా?"

"ఏం కట్టలేదు నాన్నా. రూలే అంత."

కాసేపు ఫోన్‌లో ఫ్యాన్ చప్పుడొక్కటే వినిపించింది.

"ఆ రూలేదో మనకుంటే, నీ ఎంసెట్ ర్యాంకుకి గుంటూరు మెడికల్ కాలేజీలో సీటొచ్చేదిరా" అన్నారు.