టర్బో కారుకి మైలేజ్ పోయేది ఫుల్ థ్రాటిల్‌లో కాదు

స్టేజ్ వన్ (విడిభాగాలు మార్చకుండా ఇంజన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చే ట్యూనింగ్) చేయించిన ప్రతి ఓనరూ నెల తిరక్కముందే అడిగే ప్రశ్న ఒకటుంది: పికప్ వచ్చింది సరే, మైలేజ్ ఎటు పోయింది? ట్యూనర్ అయితే మీ కాలిదే తప్పంటాడు. తోటి ఓనర్లు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు మీదకి నెట్టేస్తారు. రెండింట్లోనూ కొంత నిజముంది. కానీ ఆ రెండు మాటలతో చేతులు దులిపేసుకోవడం వల్లే లీటరుకి 15 ఇచ్చే పోలో టీఎస్ఐలు (ఫోక్స్‌వ్యాగన్ టర్బో పెట్రోలు కార్లు) 10, 11 దగ్గర ఆగిపోతున్నాయి.

ట్యూనింగ్ అయ్యాక చేతిలో పెట్టే డైనో షీట్ (రోలర్ల మీద కారు నడిపి ఇంజన్ బలం కొలిచిన కాగితం) ఒకసారి చూడండి. పవర్‌కో గీత, టార్క్‌కో గీత. రెండూ యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినప్పటివే. మియాపూర్ నుంచి గచ్చిబౌలి పోయే కారు ఆ స్థితిలో పట్టుమని పది సెకన్లు ఉండదు. మిగతా సమయమంతా పెడల్ పావు వంతు తొక్కి ఉంటుంది, లేదా సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఉంటుంది, లేదా ఫ్లైఓవర్ దిగుతూ కాలు తీసేసి ఉంటుంది. మన పెట్రోలు ఖర్చయ్యేది అక్కడ. ఆ భాగం ఎలా ఉందో షీట్‌లో ఒక్క గీత కూడా చెప్పదు. నా కోపమంతా దాని మీదే.

ముందు కొలత సరిగ్గా ఉండాలి. డిస్‌ప్లేలో కనిపించే కిలోమీటర్-పర్-లీటర్ అంకె పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచి ఉందన్న లెక్కలోంచి వస్తుంది. ఇంజెక్టర్లో ఫ్యూయల్ పంపో మార్చి, ఫైల్‌లో (ట్యూనర్ కారు కంప్యూటర్‌లో వేసే సాఫ్ట్‌వేర్‌లో) ఆ లెక్క సరిచేయకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, మొదటి ఆటో కట్‌కి ఆపించండి. రౌండ్ ఫిగర్ చేయమనొద్దు. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అక్కడే అలాగే కొట్టించండి. ఇలా మూడు ట్యాంకుల సగటు తీస్తేనే అది మైలేజ్. టైరు సైజు మార్చి ఉంటే అదీ లెక్కలోకి రావాలి. 185/60 ఆర్15 తీసి 195/60 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం 603 మిల్లీమీటర్ల నుంచి 615కి పెరుగుతుంది. అంటే మీరు 100 కిలోమీటర్లు తిరిగితే ఓడోమీటర్ 98 అంటుంది. పోయిందనుకున్న మైలేజ్‌లో 2 శాతం అసలు పోనే లేదు.

ఇక ఈ20. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడో వంతు తక్కువ. 10 శాతం ఇథనాల్ ఉన్న ఈ10 నుంచి ఈ20కి వస్తే లీటరుకి పోయే శక్తి సుమారు మూడున్నర శాతం. 15 ఇచ్చే కారు 14.5 ఇవ్వాలి. 11కి పడిందంటే మిగతా మూడున్నర కిలోమీటర్లకు వేరే కారణం ఉన్నట్టే. దాన్ని వెతకడం మానేసి ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే ఆ తప్పు కారులో అలాగే ఉండిపోతుంది.

వెతకడానికి కారు కంప్యూటర్ అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. మొదట లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. మ్యాప్‌లో, అంటే ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టికలో, ఉన్నదానికంటే ఎంత శాతం ఎక్కువో తక్కువో పోస్తోందో చెప్పే అంకె అది. ఈ10కి రాసిన మ్యాప్ మీద ఈ20 పోస్తే ట్రిమ్ ప్లస్ 3 నుంచి ప్లస్ 5 శాతం చూపించడం సహజం, దానికి భయపడొద్దు. ఐడిల్‌లో ప్లస్ 10 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర మామూలుకి వస్తే థ్రాటిల్ (ఇంజన్‌కి గాలి వదిలే తలుపు) తర్వాత ఎక్కడో గాలి లోపలికి పీలుస్తూ ఉండొచ్చు. పీసీవీ (ఇంజన్ అడుగు ఆవిరిని తిరిగి లోపలికి పంపే వాల్వు) డయాఫ్రమ్, మానిఫోల్డ్ గాస్కెట్, బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి) గేజ్ కోసం కోసి కలిపిన వాక్యూమ్ ట్యూబు, ఈ మూడింటినీ ముందు అనుమానించండి.

బూస్ట్ లీక్ కథ వేరు. లోపలికి వచ్చే గాలి ఎంతో టర్బోకి ముందే మాఫ్ సెన్సర్‌తో కొలిచే కార్లలో టర్బో తర్వాత పైపు లీకైతే, కొలిచిన గాలి బయటికి పోతుంది, పెట్రోలు మాత్రం పూర్తిగా పడుతుంది. పొగ నల్లగా వస్తుంది, బూస్ట్‌లో ట్రిమ్ మైనస్‌లోకి దిగుతుంది. మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి చూసే మాప్ సెన్సర్‌తో నడిచే కొత్త టీఎస్ఐ లాంటి ఇంజన్లలో అలా జరగదు, మిశ్రమం సరిగ్గానే ఉంటుంది. కానీ కావలసిన బూస్ట్ అందించడానికి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) వేస్ట్‌గేట్‌ని (టర్బైన్‌ని తప్పించి ఎగ్జాస్ట్‌ని బయటికి వదిలే తలుపుని) ఇంకా బిగించి మూస్తుంది. టర్బైన్ ముందు ఎగ్జాస్ట్ ఒత్తిడి పెరిగి, ఇంజన్ తన పొగను తానే తోసుకోవడానికి పని చేస్తుంది. ట్రిమ్ చూసి అంతా బాగుందనుకుంటారు, లీక్ అలాగే ఉంటుంది. అందుకే స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీక్ పట్టే పరీక్ష) చేయించాలి. సిలికాన్ హోస్ క్లాంపులు ఎండాకాలం ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించాలి, ఎందుకంటే లీకులు ఎక్కువగా అక్కడే వస్తాయి. మాఫ్ ఉన్న కారుకి ఆయిల్ పూసే కాటన్ ఫిల్టర్ వేసుంటే ఆ ఆయిల్ సెన్సర్ తీగ మీద పేరుకుని కొలత తప్పుతుంది. మాఫ్ క్లీనర్ స్ప్రేతోనే కడగాలి, బ్రేక్ క్లీనర్ వాడొద్దు.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. మన షెడ్లలో ఇప్పటికీ థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) తీసేస్తున్నారు. ఊరు వేడి, ఇంజన్ చల్లగా ఉండాలట! దయచేసి ఆ పని చేయనివ్వకండి. థర్మోస్టాట్ లేని ఇంజన్, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయిన థర్మోస్టాట్ ఉన్న ఇంజన్, హైవే మీద 65, 70 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఈసీయూ అది ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఆయిల్ చిక్కగా ఉండిపోయి రాపిడి పెరుగుతుంది, అందులోకి పెట్రోలు కూడా దిగుతుంది. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో మీటర్ ముల్లు సుమారు 75 నుంచి 105 దాకా 90 మీదే కదలకుండా నిలబడుతుంది, దాన్ని నమ్మొద్దు. ఓబీడీలో కూలెంట్ అంకె చూడండి. సిటీ ట్రాఫిక్‌లో ఈ జబ్బు బయటపడదు, ఎందుకంటే అక్కడ ఇంజన్ ఎలాగూ వేడెక్కుతుంది. 80 వేగంతో పది నిమిషాలు నడిపినప్పుడు 85కి దిగువకు జారితే థర్మోస్టాట్ మార్చాల్సిందే.

అంత నష్టమూ చేసేది ఇంకొకటుంది: కాలు తీయగానే సైలెన్సర్‌లోంచి టపటపా పేలే పాప్స్ అండ్ బ్యాంగ్స్ మ్యాప్. మామూలుగా గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంజెక్టర్లు పూర్తిగా ఆగిపోతాయి, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. అప్పుడు ఖర్చు సున్నా. పాప్స్ కావాలంటే ఆ కట్‌ని ఆలస్యం చేసి, పెట్రోలు పోసి, ఇగ్నిషన్‌ని (స్పార్క్ పడే సమయాన్ని) బాగా వెనక్కి జరిపి ఎగ్జాస్ట్‌లో కాల్చాలి. బ్రేకులతోనే బతికే సిటీ రోడ్డు మీద ఇది ప్రతి సిగ్నల్ దగ్గరా జరుగుతుంది. పైగా ఆ మంట టర్బైన్‌నీ, పొగను శుభ్రం చేసే క్యాట్‌నీ (కెటలిటిక్ కన్వర్టర్) తినేస్తుంది. పరీక్ష తేలిక: మూడో గేర్‌లో 3000 దగ్గర కాలు పూర్తిగా తీసేయండి, ఇంజెక్టర్ పల్స్ ఒకటి రెండు సెకన్లలోపు సున్నాకి రావాలి. రాకపోతే ఆ ఫైల్ వెనక్కి ఇచ్చి మార్పించుకోండి. ఇదే కారణంతో దిగుడులో న్యూట్రల్ వేయడం కూడా నష్టమే. న్యూట్రల్‌లో ఇంజన్ ఐడిల్ పెట్రోలు తాగుతుంది, గేర్‌లో ఏమీ తాగదు. ఘాట్ రోడ్డులో బ్రేకులు కాలిపోయే ప్రమాదం సరేసరి.

పెడల్ మ్యాప్ గురించీ అడగండి. చాలా ఫైళ్లలో 20 శాతం తొక్కితే 40 శాతం టార్క్ అడిగేలా మార్చేస్తారు. కారు ఉరికినట్టు అనిపిస్తుంది, కస్టమర్ సంబరపడతాడు. కానీ ట్రాఫిక్‌లో మెల్లగా పోనివ్వడం కష్టమైపోయి, ప్రతిసారీ కొంచెం ఎక్కువ వేగం తెచ్చుకుని, దాన్ని బ్రేకులో పారబోస్తాం. పెడల్ మొదటి మూడో వంతు కంపెనీ మ్యాప్‌లాగే వదలమనండి. పూర్తిగా తొక్కినప్పుడు వచ్చే పవర్‌లో ఒక్క హార్స్‌పవర్ కూడా తగ్గదు.

స్పార్క్ ప్లగ్గులు. ట్యూన్ చేసిన టర్బోకి ఒక స్టెప్ చల్లటి (వేడిని త్వరగా వదిలే) ప్లగ్, గ్యాప్ 0.6 నుంచి 0.65 మిల్లీమీటర్లు చాలు, 20 నుంచి 30 వేల కిలోమీటర్లకు మార్చేయండి. రెండు స్టెప్పులు చల్లటివి వేస్తే సిటీలో మసి పట్టి మిస్‌ఫైర్ అవుతాయి. ఇక 100 ఆక్టేన్ పెట్రోలు. మీ ఫైల్ దాని కోసం రాసింది కాకపోతే, మెల్లగా నడిపేటప్పుడు అది మైలేజ్ పెంచదు. తక్కువ లోడ్‌లో నాక్ (మిశ్రమం తనంతట తానే పేలడం) ఉండదు కాబట్టి ఎక్కువ ఆక్టేన్‌కి అక్కడ పని లేదు. లీటరుకి 50 రూపాయలకు పైగా అదనంగా పెట్టే ముందు, ఈసీయూ ఒక్కో సిలిండర్‌కి స్పార్క్ టైమింగ్‌ని ఎన్ని డిగ్రీలు వెనక్కి లాగుతోందో లాగ్‌లో చూడండి. నడిచే లోడ్‌లోనే 3, 4 డిగ్రీలు లాగుతుంటే అప్పుడు ఆలోచించవచ్చు. అయినా ఈ టీఎస్ఐలలో ముందు ఇంటర్‌కూలర్ నీటి పంపు తిరుగుతోందో లేదో చూడాలి. టర్బో గాలి వేడి తగ్గించడానికి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఉన్న ఇంటర్‌కూలర్‌ని చల్లబరిచేది ఆ చిన్న ఎలక్ట్రిక్ పంపు. అది చచ్చిపోతే మే నెలలో ఏ పెట్రోలు పోసినా టైమింగ్ పోతుంది.

చిన్నవీ ఉన్నాయి. లోయరింగ్ స్ప్రింగ్స్ వేశాక టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయకపోతే టైరు పక్కకి గీసుకుంటూ పోతుంది. రేసు కారు అనుకుని 10డబ్ల్యూ60 ఆయిల్ పోయొద్దు, 5డబ్ల్యూ40 చాలు. బ్రేక్ క్యాలిపర్ పిన్నులు తుప్పుపట్టి ప్యాడ్ రాసుకుంటుంటే, బ్రేకులు పెద్దగా వాడకుండా నడిపి ఆపినా ఒక చక్రం మిగతా వాటికంటే వేడిగా ఉంటుంది. క్యాట్ తీసేయడం వల్ల నడిచే లోడ్‌లో మైలేజ్ లాభం దాదాపు ఏమీ లేదు. బండిలో మార్పుల మీద ఉన్న మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52తో తలనొప్పి, వెనక ఆక్సిజన్ సెన్సర్ చేసే సూక్ష్మ సవరణ పోవడం మాత్రం ఖాయం.

నడపడంలో ఒక మెలిక ఉంది. తక్కువ ఆర్‌పీఎం, ఎక్కువ గేర్ పొదుపే, 2000 దగ్గర గేర్ మార్చేయొచ్చు. కానీ 2000 లోపు పెడల్ అడుగంటా తొక్కొద్దు. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలో అక్కడే స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుంటుంది, పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగుల మధ్య ఉండే గట్టు) విరుగుతుంది. ట్యూన్ చేసిన కారులో ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువ. ఓవర్‌టేక్ చేయాలంటే ఒక గేర్ దించండి. ఆయిల్ డబ్బా మీద కంపెనీ చెప్పిన స్పెక్‌తో పాటు ఏపీఐ ఎస్పీ అని ఉందో లేదో చూసుకోండి, ఆ గ్రేడు పరీక్షల్లో ఈ సమస్య కూడా ఉంది. మిగతా సమయంలో బూస్ట్‌లోకి వెళ్లకుండా నడపడమే పొదుపు. మానిఫోల్డ్ ప్రెషర్ అంకె బయటి గాలి ఒత్తిడి దాటకుండా చూసుకోండి. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనున్న హైదరాబాద్‌లో అది సుమారు 95 కిలోపాస్కల్స్, వైజాగ్‌లో 101. అవుటర్ రింగ్ రోడ్డు మీద 90 నుంచి 120కి వెళ్తే గాలి నిరోధం 78 శాతం పెరుగుతుంది. ఏ ఫైలూ దాన్ని తగ్గించలేదు.

తర్వాతి ఫైల్ రివిజన్‌కి వెళ్లినప్పుడు డైనో షీట్‌తో పాటు అరగంట రోడ్ లాగ్ అడగండి. అందులో ట్రిమ్, లాంబ్డా (గాలి-పెట్రోలు నిష్పత్తి, 1 అంటే సరిగ్గా సరిపోయినట్టు), టైమింగ్ కోత, కూలెంట్ వేడి, ఇంజెక్టర్ పల్స్ ఉండాలి. సిటీలో పావుగంట, 80 దగ్గర స్థిరంగా పావుగంట. స్థిరంగా నడిచేటప్పుడు లాంబ్డా 1 దగ్గర లేకపోతే, ఎందుకు లేదో అక్కడే నిలబెట్టి అడగండి.