తడి చెత్తను కాల్చి కరెంటా?

(అంశం: ఇళ్ల చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు నగరానికి కావాలా? కావాలనేది ఇంజనీరు, వద్దనేది గృహిణి.)

ఇంజనీరు: డంపింగ్ యార్డును ఇంకా పెరగనిస్తే ప్రాణాలు పోతాయమ్మా. 2000 జులైలో ఫిలిప్పీన్స్‌లోని మనీలా దగ్గర పయటాస్‌లో చెత్తగుట్ట విరిగిపడి 200 మందికి పైగా చనిపోయారు. 2017 మార్చిలో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలోని కోషె చెత్తగుట్ట విరిగిపడి 100 మందికి పైగా. చాలామంది ఆ గుట్టల పక్కనే గుడిసెలు వేసుకున్నవాళ్ళు. కాల్చేస్తే చెత్త పరిమాణం పదోవంతుకు దిగుతుంది.

గృహిణి: ఆ చావులు తలుచుకుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ మీరు కాల్చబోయేది దేన్ని? పేద దేశాల నగరాల చెత్తలో సగానికి పైగా తిండి మిగుళ్ళు, తొక్కలు, ఆకులే. నా బుట్ట ఎత్తి చూడండి, నీళ్ళు కారుతుంటాయి. అది మండుతుందా?

ఇంజనీరు: కొన్నాళ్ళు గుంతలో ఉంచి నీరు కారనిస్తాం. అయినా కిలోకు సుమారు 7 మెగాజౌళ్ళ వేడి రాకపోతే వేరే ఇంధనం తోడవ్వాలి, ఒప్పుకుంటాను.

గృహిణి: ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? పైగా బాగా మండేది అట్ట, ప్లాస్టిక్. వాటిని ఏరి అమ్ముకునేవాళ్ళ నోటికాడి కూడు లాగేసినట్టే కదా!

ఇంజనీరు: తడి, పొడి వేరు చేయమని ఏళ్ళ తరబడి చెబుతున్నాం. ఎవరు చేశారు?

గృహిణి: నేను చేశాను. రెండు బుట్టలు పెట్టి, పిల్లలకూ అలవాటు చేశాను. చెత్తబండి అతను నా కళ్ళ ముందే రెండూ కలిపి కుమ్మరించాడు. ఏడుపొచ్చినంత పనైంది. మర్నాటి నుంచి పక్కింటివాళ్ళు మానేశారు. అతన్ని ఏమనగలను? బండిలో ఉన్నది ఒకటే అర. ఇండోనేషియాలోని సురబయ చూడండి. వేల ఇళ్లకు కంపోస్టు బుట్టలు పంచి, ఎలా వాడాలో వాడవాడలా మనుషులను పెట్టి నేర్పించారు. డంపుకు వెళ్ళే చెత్త తగ్గింది.

ఇంజనీరు: ఒంటిగది ఇంట్లో ఉండేవాళ్ళు ఆ బుట్ట ఎక్కడ పెట్టుకుంటారు?

గృహిణి: పెట్టుకోలేరు, నిజమే. ఎండాకాలం ఆ వాసనకు ఉండనూ లేరు. వాళ్ళకు వాడలోనే కంపోస్టు గుంత కావాలి, రోజూ వచ్చే బండి కావాలి.

ఇంజనీరు: మరి ఇప్పటికే ఉన్న గుట్ట?

గృహిణి: తవ్వండి, జల్లెడ పట్టండి, నేను అడ్డుపడను. రేపటి తడి చెత్త మాత్రం దాని మీదికి చేరకూడదు. లోపల కుళ్ళి మీథేన్ అనే మండే వాయువును పుట్టించేది అదే. ముందు రెండు అరల బండి పంపండి. మా వీధిలో ప్రతి తలుపూ నేనే తడతాను.