అడగందే రెగ్యులేటరైనా పెట్టదు

కరెంటు మీటరు పెట్టించుకునేటప్పుడు ఇంటి లోడు ఎంతో రాసివ్వాలి. మనం ఒక కిలోవాట్ అని రాసి, ఆనక రెండు ఏసీలు బిగించి, మే నెలలో ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను తిడతాం. ఈ ఘన సంప్రదాయం ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయైన లినక్స్ కెర్నల్‌లోకి 2008లోనే ప్రవేశించింది. అక్కడ దాన్ని రెగ్యులేటర్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. రెగ్యులేటర్ అంటే భాగాలకు నిలకడగా వోల్టేజి అందించే సర్క్యూట్, దాన్ని నడిపే కోడే ఈ ఫ్రేమ్‌వర్క్.

ప్రతి డ్రైవరూ, అంటే ఒక్కో భాగాన్ని నడిపే ప్రోగ్రామూ, తన ఆకలి ఎన్ని మైక్రో ఆంపియర్లో నోరు తెరిచి చెప్పుకోవాలి. ఒకే పవర్ రైలు (రెగ్యులేటర్ నుంచి వచ్చే కరెంటు లైను) మీద కూర్చున్నవాళ్లందరి లెక్కా కూడి, రెగ్యులేటర్ పొదుపు మోడ్‌లో ఉండాలా ఫుల్ మోడ్‌కి వెళ్లాలా అన్నది తేలుస్తారు. ఎవరు నిజంగా ఎంత తాగుతున్నారో కొలిచి చూసే నాథుడు లేడు. అంతా పెద్దమనుషుల ఒప్పందం.

మా మెమరీ కార్డు డ్రైవరు మహా మొహమాటస్తుడు. వోల్టేజి అడిగాడు, ఆన్ చేయమన్నాడు, లోడు మాత్రం అడగలేదు. పొదుపు మోడ్‌లో కొన్ని రెగ్యులేటర్లు 10 మిల్లీ ఆంపియర్లు ఇవ్వడమే గొప్ప. హైస్పీడ్ కార్డుకి 200 దాకా కావాలి, ఇంకా వేగమైన యూహెచ్ఎస్ రకమైతే 800 దాకా కూడా అడగొచ్చు.

కార్డు పెడితే గుర్తించేది. ఫోటోలు తెరుచుకునేవి. పెద్ద సినిమా ఫైలు కాపీకి పెట్టగానే లాగ్‌లో మైనస్ 110, అంటే టైమౌట్. కార్డు నకిలీదన్నారు, మూడు మార్చాం. స్లాట్‌లో దుమ్మన్నారు, ఊదాం. ఆఖరికి ఒక కుర్రాడు కనిపెట్టాడు: కెమెరా తెరిచి ఉంచితే కార్డు బ్రహ్మాండంగా పనిచేస్తోంది! అదే రైలు మీదున్న కెమెరా, ఫ్రేమ్‌వర్క్‌తో పనిలేకుండా, మొహమాటం లేకుండా నేరుగా పవర్ చిప్‌నే గట్టిగా అడుగుతోంది, ఆ పుణ్యాన మనవాడికీ వడ్డన జరుగుతోంది. కెమెరా మూస్తే మళ్లీ పస్తు. సినిమా కాపీ చేసుకోవాలంటే ముందు కెమెరా తెరవండని యూజర్ మాన్యువల్‌లో రాసేద్దామని ఒక మేనేజరు సీరియస్‌గానే ప్రతిపాదించారు.

చివరికి డ్రైవరులో 8,00,000 అని రాశాం. మైక్రోల్లో కాబట్టి ఎనిమిది లక్షలు. చూడ్డానికి ప్లాటుకి అడ్వాన్సులా ఉంటుంది గానీ 0.8 ఆంపియరే. కాల్ చేస్తే సున్నా తిరిగొచ్చింది. మా బడిలో సున్నా అంటే వీపు విమానం మోతే, కెర్నల్‌లో మాత్రం విజయం. పార్టీ చేసుకున్నాం. కార్డు మాత్రం యథాప్రకారం చచ్చింది.

సంగతేమిటంటే, బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పే డివైస్ ట్రీ ఫైలులో, ఆ రెగ్యులేటర్‌కి లోడు మార్చుకునే అనుమతి లైను లేదు. అది లేకపోతే ఫ్రేమ్‌వర్క్ కాదనదు, కసురుకోదు. దరఖాస్తు తీసుకుని, సొరుగులో వేసి, 'సరేనండీ' అని సున్నా ఇచ్చి పంపిస్తుంది. ఇంత మర్యాద నేనే కార్యాలయంలోనూ చూడలేదు.

ఆ లైను కలిపాక కార్డు కోలుకుంది. మర్నాడు చూస్తే పక్క సీటు కుర్రాడు టచ్ స్క్రీన్ డ్రైవరులో కూడా 8,00,000 అతికిస్తున్నాడు.

"దానికెందుకురా అంత?" అన్నాను.

"ఉండనీ అన్నా, పడి ఉంటుంది" అన్నాడు.