సెల్లార్ పైకప్పు: మూసెయ్యాలా, వదిలెయ్యాలా?

విజయవాడ పటమటలో మా ఇంటి సెల్లార్‌ని హోమ్ థియేటర్ చెయ్యాలని మావారి కోరిక. పైకి చూస్తే స్లాబు, బీములు, బాత్రూమ్ పైపులు. వాటిని ఫాల్స్ సీలింగ్‌తో మూసెయ్యాలంటారు ఆయన. సివిల్ పనులు చేయించే మా తమ్ముడు వద్దంటాడు. ఇద్దరి మధ్యా కూర్చుని విన్నది ఇది.

బావ: చూడవయ్యా, సినిమా చూస్తూ తలెత్తితే పైపులు కనపడాలా? జిప్సం బోర్డు కొట్టించి, అంచుల్లో బల్బు కనపడకుండా వెలుగు మాత్రం పరిచే కోవ్ లైట్లు పెట్టిస్తే గది కళే వేరు.

బావమరిది: కళ సరే బావగారూ, ఎత్తు చూశారా? నేల నుంచి స్లాబుకి 9 అడుగులు. వాటం ఇవ్వాలి కాబట్టి పైపులు ఆ చివర అడుగుంపావు కిందికి దిగాయి. వాటి కింద బోర్డుని పట్టే ఇనుప ఛానల్, బోర్డు. మిగిలేది ఏడున్నర. నేషనల్ బిల్డింగ్ కోడ్ బేస్‌మెంట్‌కి కనీసం 2.4 మీటర్లు అడుగుతుంది, అంటే 8 అడుగులకి అంగుళంన్నర తక్కువ. ఇక ఫ్యాన్ మాట మర్చిపోండి.

బావ: ఏసీ ఉండగా ఫ్యాన్ ఎందుకు?

(బెజవాడ ఎండల్లో కరెంటు పోయినప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ అడుగుతాను.)

బావ: మరి శబ్దం? మీ అక్క పైన రోట్లో పచ్చడి నూరితే కింద ఒక్క డైలాగ్ వినపడదు. ఫ్లష్ నొక్కితే సరేసరి.

బావమరిది: అది నిజమే. కానీ ఒట్టి బోర్డు దాన్ని ఆపదు. బోర్డుని వేలాడదీసే కడ్డీలు స్లాబుకే బిగిస్తారు, రోటి దెబ్బ వాటి గుండానే దిగుతుంది. రోటి కింద మందపాటి రబ్బరు షీటు వేయండి. పైపుల చుట్టూ రబ్బరు ఫోమ్ చుట్టిస్తే ఫ్లష్ మోత కొంత తగ్గుతుంది.

బావ: ఇప్పుడు 2024 సెప్టెంబరు బుడమేరు వరద ఎత్తుతావు, నాకు తెలుసు. సింగ్‌నగర్ మునిగింది గానీ మన వీధికి నీళ్ళు రాలేదు.

బావమరిది: బుడమేరు వదిలెయ్యండి, నా భయం మన బాత్రూమ్‌తోనే. సంకెన్ స్లాబులో, అంటే పైపుల కోసం బాత్రూమ్ కింద దించి పోసిన స్లాబులో, ఒక జాయింటు వదులైతే నీళ్ళు బోర్డు మీద నిలిచి, ఛానల్ వెంట పాకి, లీకు ఒకచోటైతే మరక ఇంకోచోట తేలుతుంది. అప్పటికి బోర్డు ఉబ్బి మెత్తబడుతుంది, లైటు చుట్టూ నల్లగా బూజు. స్లాబు బయటికే ఉంటే చెమ్మ రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడే పట్టుకుంటాం.

బావ: పచ్చ బోర్డు వస్తోందిగా?

బావమరిది: గాలిలో తేమకి తట్టుకుంటుంది. నిలిచే నీళ్ళకి కాదు.

బావ: అయితే సిమెంటు కేసి చూస్తూ కూర్చోమంటావా?

బావమరిది: స్లాబు, బీములు, వైరు పైపులు అన్నిటికీ ఒకటే నలుపు, మెరుపు లేనిది కొట్టిద్దాం. స్క్రీన్ ఉన్న గదిలో తెల్ల సీలింగ్ వెలుగుని తిప్పి బొమ్మ మీదికే కొడుతుంది. నల్లగా ఉంటే పైన ఏముందో కంటికి ఆనదు. సోఫాల పైన, బీముల మధ్య చెక్క పీచుతో చేసిన వుడ్‌వుల్ పలకలు బిగిస్తే గది మార్మోగదు. గోడవారగా బాత్రూమ్ పైపులున్న వరస ఒక్కటే 2 బై 2 అడుగుల గ్రిడ్ పలకలతో మూద్దాం. చేత్తో ఎత్తి చూసి మళ్ళీ పెట్టేయొచ్చు.

బావ: వెదురు తడికలైతే?

బావమరిది: సెల్లార్లో చెదలకి విందు.

బావ: మంగళగిరి చేనేత బట్ట పందిరిలా కడితే?

(ఇది నా ఆలోచనే. తన పేరు మీద వేసుకున్నారు.)

బావమరిది: వైర్ల దగ్గర బట్ట వద్దు బావగారూ. స్క్రీన్‌కి రెండు పక్కలా తెరలుగా వేసుకోండి.

బావ: ఇంట్లో నలుపంటే మీ అక్క ఒప్పుకోదు.

బావమరిది: ముదురు నీలం వేద్దాం.

బావ: నా కోవ్ లైట్లు?

బావమరిది: బీము పక్కన అల్యూమినియం పట్టీలో స్ట్రిప్ లైటు. అంతకంటే లేదు.

బావ: సరే, రేపు పెయింటర్‌ని పిలువు.

బావమరిది: ముందు ప్లంబర్. బాత్రూముల్లో నీళ్ళు నిలబెట్టి, కింద చెమ్మ దిగలేదని చూసుకున్నాకే రంగు.