అందలం ఎక్కిన పన్నెండో తరగతి

అమెరికాలో నాయకుల కొరత పూర్తిగా తీరిపోయిందన్న శుభవార్తను పాఠకులకు సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఈ మాట నేను ఎన్నికలను చూసి అనడం లేదు. వాటిని చూసినవారెవరూ ఇంత ధైర్యంగా అనలేరు. హైస్కూలు ఆఖరి సంవత్సరంలో ఉన్న పిల్లలను, అంటే ఇక్కడివారు సీనియర్లని పిలిచే పదిహేడేళ్ల వారిని చూసి అంటున్నాను. సేవలోనూ నాయకత్వంలోనూ మిన్నగా నిలిచిన సీనియర్లకు కోకాకోలా పేరిట నడిచే ఫౌండేషన్ ఏటా 150 స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. ఒక్కొక్కటి 20,000 డాలర్లు. ఈ మధ్య సంవత్సరాల్లో వాటికి లక్షకు పైగా దరఖాస్తులు వస్తున్నాయి. అంటే ఒక్క కూల్‌డ్రింకు కంట పడినంత మేరకే, ఒక్క తరగతిలోనే, లక్షమంది నాయకులు తేలారన్నమాట. నూటయాభై మందికి డబ్బు ముట్టగా మిగిలినవారు వట్టి చేతులతోనే దేశాన్ని నడిపించుకోవాలి. అందరూ అందలం ఎక్కేవారే అయితే మోసేవారెవరని మన పెద్దలు అడిగారు కానీ, పాపం వారి కాలంలో అందలం ఎక్కడానికి దరఖాస్తు ఫారం లేదు. కాబట్టి ఆ ప్రశ్నను మనం అంతగా పట్టించుకోనవసరం లేదు.

మేముండే మేరీలాండ్ రాష్ట్రంలో సేవ చేయనిదే ప్రభుత్వ హైస్కూలు డిప్లొమా చేతికి రాదు. 1997లో చదువు ముగించిన తరగతి నుంచి ఈ నియమం అమలులో ఉంది. లెక్క 75 గంటలు. అదైనా ఊరికే చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ముందు సన్నద్ధత, తరువాత ఆచరణ, ఆపైన చేసినదాన్ని గురించి ఆత్మపరిశీలన అని మూడు దశలు పెట్టారు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియకూడదన్న మన పాత పద్ధతిలోని లోపమేమిటో ఇక్కడికి వచ్చాకనే నాకు బోధపడింది. ఎడమచేయి కాగితం కదలకుండా పట్టుకోకపోతే కుడిచేయి సంతకం ఎలా పెడుతుంది?

అయితే 75 గంటలు డిప్లొమాకు సరిపోతాయి కానీ కీర్తికి చాలవు. అమెరికన్ కాంగ్రెస్ 1979లో చట్టం చేసి నెలకొల్పిన పురస్కారంలో బంగారు పతకం కావాలంటే స్వచ్ఛంద సేవ ఒక్కటే 400 గంటలు ఉండాలి. వ్యక్తిత్వ వికాసానికీ వ్యాయామానికీ చెరో 200 గంటలు వేరే. చిత్రగుప్తుడి చిట్టాలో కూడా పద్దులు ఇంత శుభ్రంగా ఉంటాయని నేననుకోను.

ఈ సేవను కళ్లారా చూడాలన్న కోరికతో ఒక శనివారం ఉదయం దగ్గరలో, లేనివారికి తిండి సరుకులు ఉచితంగా పంచే ఫుడ్ బ్యాంక్ గోదాముకు వెళ్లాను. పద్నాలుగురు సీనియర్లు ఉన్నారు. వారిలో పదకొండుగురు ఏదో ఒక సంస్థకు వ్యవస్థాపకులో అధ్యక్షులో కావడం వల్ల, శనగల డబ్బాల పెట్టె దించే విషయంలో కొంత ప్రోటోకాల్ సమస్య తలెత్తింది. ఈలోగా రబ్బరు చేతితొడుగులు వేసుకున్న ఒక ముసలావిడ ఆ పెట్టెను తానే దించి, డబ్బాల అడుగున ముద్రించిన తేదీలను కళ్లద్దాలు పైకెత్తి చదువుతూ, గడువు దాటినవాటిని పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఇక్కడ మీ హోదా ఏమిటని నేను మర్యాదగా అడిగితే, ఆవిడ కాసేపు ఆలోచించి, "మంగళవారం, శనివారం" అంది. నాయకత్వ లక్షణాలు ఆవిడలో బొత్తిగా లేవని నాకు అప్పుడే అర్థమైంది. ఫొటో తీసే వేళకు ఆవిడను కొంచెం పక్కకు జరగమన్నారు; జరిగింది కూడా.

హోదా అంటే తేలిక విషయం కాదు. కాలేజీ ప్రవేశాలకు చాలామంది వాడే కామన్ యాప్‌లో పిల్లవాడు తన వ్యాపకాలను పది వరసల్లో నింపాలి. ఒక్కో వరసలో హోదాకు 50 అక్షరాలు, చేసిన పనికి 150 అక్షరాలు మాత్రమే చోటు. ఉన్న సంస్థలో చేరి పనిచేద్దామంటే అక్కడ అప్పటికే ఒక అధ్యక్షుడు కూర్చుని ఉంటాడు. కనుక కొత్త సంస్థ పెట్టడమే ఉత్తమం. చిన్న సంస్థలు పన్ను మినహాయింపు పొందడానికి ఇక్కడి పన్నుల శాఖ 2014లో ఒక పొట్టి ఫారం తెచ్చింది, రుసుము 275 డాలర్లు. బడి మధ్యలో మానేసే పిల్లల కోసం పెట్టిన సంస్థను, సీనియర్ సంవత్సరం అయిపోగానే వ్యవస్థాపకుడే మధ్యలో మానేసిన ఉదంతాలు మా వీధిలోనే ఉన్నాయి. ఇందులో పిల్లలను తప్పుపట్టే నైతిక హక్కు నాకు లేదు. గుడికి ఇచ్చిన ఫ్యాను రెక్కల మీద పేరు రాయించి, తిరిగితే పేరు కనబడదని ఫ్యాను వేయనివ్వని వంశాల్లో పుట్టినవాళ్లం మనం.

గెలిచినవారి సంగతీ చెప్పుకోవాలి. బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని తెలియగానే చాలా కాలేజీలు అంతవరకూ తామిస్తామన్న సాయంలో ఆ మేరకు కోత పెడతాయి. పిల్లవాడు నాలుగు వందల గంటలు చెమటోడ్చి తెచ్చిన డబ్బు అలా కాలేజీ ఖజానాలో కలుస్తుంది, పిల్లవాడికి చెక్క ఫలకం మిగులుతుంది. ఇంతకుమించిన నిష్కామకర్మ భగవద్గీతలో కూడా లేదు. మేరీలాండ్ మాత్రం 2017లో చట్టం చేసి తన ప్రభుత్వ కాలేజీలు ఇలా కోత పెట్టకుండా చాలావరకు కట్టడి చేసింది. పిల్లల ఆధ్యాత్మిక పురోగతికి ఇది అడ్డంకి అని కొందరికి బాధ ఉండవచ్చు.

ఇక హెచ్4 వీసా మీద, అంటే ఉద్యోగ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల వెంట ఆశ్రితులుగా ఉన్న పిల్లల మాట. నాలుగేళ్ల వయసులో వచ్చి, ఇక్కడి బడిలోనే అక్షరాలు దిద్దుకుని, ఊరి గ్రంథాలయంలో చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించే పిల్లవాడు పైన చెప్పిన 20,000 డాలర్లకు దరఖాస్తు పెట్టడానికి కూడా వీల్లేదు. పౌరసత్వమో గ్రీన్‌కార్డో, శరణార్థి హోదా వంటిదో ఉండాలి. సేవ మాత్రం నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. ఆ విషయంలో ఈ దేశం ఏ వివక్షా చూపదు.

ఈ ఉపోద్ఘాతమంతా మా మిత్రుడి ఇంట్లో జరిగిన ఒక సమావేశం గురించి చెప్పడానికి. వాళ్లబ్బాయి సీనియర్. స్థానికంగా ఇచ్చే ఒక సేవా పురస్కారానికి ఫారం నింపాలని భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. వ్యాసాలు రాసేవాణ్ని కదా అని నన్నూ పిలిచారు. అబ్బాయి వరసలు ఖాళీగా ఉన్నాయి. బడి అయ్యాక ఏం చేస్తావయ్యా అంటే, తెనాలి నుంచి వచ్చిన తాతయ్యను ఆస్పత్రికి తీసుకెళతానన్నాడు. తల్లిదండ్రులిద్దరికీ ఉద్యోగాలు, తాతయ్యకు ఇంగ్లిషు రాదు. మందుల పెట్టెలో వారానికి సరిపడా మాత్రలు సర్దడం, బీమా కంపెనీకి ఫోను చేసి నలభై నిమిషాలు సంగీతం వినడం, డాక్టరు గదిలో దుబాసీగా కూర్చోవడం, అన్నీ వాడే. ఒకటి నుంచి పది వరకు నొప్పి ఎంత ఉందని డాక్టరు అడిగితే తాతయ్య ప్రతిసారీ "పర్లేదు" అంటాడట. వీడు దాన్ని ఇంగ్లిషులోకి "ఏడు" అని అనువదిస్తాడు.

"దీన్ని ఏ హోదా కింద వేద్దాం అన్నయ్యగారూ?" అని ఆ ఇల్లాలు నన్నడిగింది. నాకు తోచలేదు. మా మిత్రుడు మాత్రం అనుభవజ్ఞుడు. "ఫౌండర్ అని వేసేద్దాం" అన్నాడు.

"తాతయ్యను నేను స్థాపించలేదు నాన్నా" అన్నాడు అబ్బాయి.

చివరికి హోదా దగ్గర గీత గీసి, ఉన్నది ఉన్నట్టు రాశారు. పర్యవేక్షకుడి సంతకం కావాలంటే, ఎవరి పని చేశాడో వారే పెట్టాలి కదా అని కాగితం తాతయ్య ముందుంచారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, బళ్లో పంతులుగా రిజిస్టరులో పెట్టినట్టే తెలుగులో పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పొల్లు పోకుండా రాసి, కింద గీత కొట్టి తేదీ వేశారు. ఎన్ని గంటలన్న గడిలో "లెక్కపెట్టలేదు" అని రాశారు.

పది రోజులకు ఫారం తిరిగి వచ్చింది. కుటుంబ సభ్యులకు చేసినది సేవ కిందకు రాదని, సంతకం చదవడానికి వీలుగా లేదని, గంటలు అంకెల్లో వేయాలని దానికి ఒక చీటీ జతచేశారు. నేను అక్కడే ఉన్నాను. తాతయ్య చీటీని అటూ ఇటూ తిప్పి, ఏమంటున్నారురా అని మనవణ్ని అడిగారు.

"నీ సంతకం చాలా బాగుందట తాతయ్యా" అన్నాడు వాడు.